రంగు క్రింది పని

క్రొత్తగా రంగు వేయించిన కారును చూచినవారు మొదట అడుగు ప్రశ్న "ఎక్కడ వేయించినారు?" అని. రెండవది "ఎంత అయినది?" అని. "రంగు క్రింద ఏమి పూసినారు?" అని అడిగినవారిని మేము ఇంతవరకు చూడలేదు. అడుగకపోవుటలో వింత లేదు. కంటికి కనపడునది రంగు. కనపడనిదాని ఊసు ఎవరికి పట్టును? కాని రంగు నిలుచుటయు ఊడుటయు, రేకు దృఢముగా నుండుటయు చిల్లులు పడుటయు, ఆ కనపడని పనిమీదనే ఆధారపడి యున్నవి. పైన పటారము, లోన లొటారము అను సామెతను మన పెద్దలు మనుష్యులను గూర్చి చెప్పిరి గాని, కార్ల మరమ్మతుశాలకు అది అక్షరాల సరిపోవును. సొట్టలు తీసి, పాత రంగు గీచి, రేకును బయటపెట్టిన తరువాత, క్రొత్త రంగు వేయుటకు ముందు జరుగవలసిన పనిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

కారు లేనివారు ఈ ప్రసంగము తమకెందుకని తలపనక్కరలేదు. వీధి గేటునకును, కిటికీ ఊచలకును, ఇనుప బీరువాకును, మేడమీది నీళ్లతొట్టిని మోయు ఇనుప కాళ్లకును వర్తించు నియమము ఒక్కటే. కారు రేకు పలుచనిది కాబట్టి, ఆ నియమమును తప్పినవారికి శిక్ష త్వరగా పడును. అంతే భేదము.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేయు పనిని చూచిన గృహిణులకు ఈ సంగతి క్రొత్తది కాదు. కళాయివాడు గిన్నెను చేత పట్టుటతోడనే తగరము పూయడు. ముందు ఇసుకతోను చింతపండుతోను గిన్నెను తోమును. పిదప కొలిమిపై కాచి, నవాసాగరపు పొడి చల్లి, గుడ్డతో రుద్దును. ఆ పొడి వేడికి పొగయై లేచుచు, ఇత్తడిమీద మిగిలిన మైలను కరగించి తీసికొనిపోవును. అప్పుడు మాత్రమే తగరపు ముక్కను తాకించి దూదితో ఒక్క త్రిప్పు త్రిప్పును. గిన్నె అంతయు వెండివలె తెల్లబడును. చూచువారికి ఆ చివరి క్షణమే ఇంద్రజాలముగా తోచును. కాని అంతకు ముందు జరిగిన తోముడులో ఒక్క చోటు తప్పిపోయినచో, ఆ మేరకు తగరము అంటదు. ఇత్తడిపై తగరమునకు ఏది న్యాయమో, ఉక్కురేకుపై రంగునకును అదే న్యాయము. ఒక్క తేడా మాత్రము కలదు. కళాయి అంటని చోటు వెంటనే కనపడును. రంగు అంటని చోటు ఏడాదికో రెండేండ్లకో గాని కనపడదు. ఆ నడిమి కాలములోనే మోసమునకును చోటున్నది, తొందరపాటునకును చోటున్నది.

ఇంతకును తుప్పు అనగానేమి? ఇనుము భూమిలో దొరకునప్పుడు లోహముగా దొరకదు. ఆమ్లజనితో కలిసిన ఎర్రరాయిగా దొరకును. కొలిమిలో ఎంతో వేడిని ఖర్చుపెట్టి ఆ ఆమ్లజనిని విడదీసి మనము ఇనుమును చేయుచున్నాము. అవకాశము దొరికిన వెంటనే అది తన పూర్వరూపమునకు పోజూచును. అందుకు దానికి కావలసినవి రెండే: నీరు, ఆమ్లజని. వానచుక్కయే పడనక్కరలేదు. గాలిలోని తేమ నూటికి అరువది పాళ్లు దాటినచో, కంటికి కనపడని సన్నని నీటిపొర రేకుమీద ఏర్పడును. ఆ పొరలో కొంచెము ఉప్పు చేరినచో పని మరింత వేగముగా సాగును. మచిలీపట్టణము, కాకినాడ, విశాఖపట్టణము వంటి సముద్రతీర పట్టణములలో గాలియే ఆ ఉప్పును మోసికొని వచ్చును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు చోటు ఆక్రమించును. కనుకనే అది రంగు క్రింద పుట్టినప్పుడు రంగును పైకి లేపి, చీల్చి, బయటికి వచ్చును.

"రంగు ఉన్నచో నీరు చేరదు గదా!" అని సందేహము కలుగవచ్చును. ఏ రంగుపూతయైనను నీటి ఆవిరిని కొంతవరకు లోనికి పోనిచ్చునదే. పూత రేకును గట్టిగా కరచుకొని యున్నచో, వచ్చిన తేమకు నిలుచుటకు చోటు దొరకక తిరిగిపోవును. పూతకును రేకుకును నడుమ నూనెమరక, దుమ్ము, చెమట, పాత తుప్పుపొడి ఏది మిగిలినను అచ్చట చోటు దొరకును. అందులో ఉప్పు కూడ ఉన్నదనుకొనుడు. ఉప్పు చల్లిన మామిడి ముక్కలలోనుండి నీరు ఎట్లు ఊరునో మనము ఎరుగుదుము. సరిగా అట్లే, రంగు క్రింద చిక్కిన ఉప్పు బయటి తేమను పూతగుండ లోనికి లాగుకొనును. రంగు పొక్కులు పొక్కులుగా లేచుటకు ముఖ్యకారణము ఇదియే.

రేకుకు రక్షణపొరను కల్పించు ఉపాయము ప్రకృతిలో ఒకటి కలదు. ఢిల్లీలో, మెహరౌలీలోని ఇనుప స్తంభము సుమారు 1,600 ఏండ్లనుండి ఎండకును వానకును నిలిచి యున్నది. ఎత్తు 7 మీటర్లకు పైన, బరువు 6 టన్నులకు పైన. ఆ ఇనుములో భాస్వరపు పాలు హెచ్చుగా నుండుటచేత, దాని ఉపరితలమున భాస్వరముతో కూడిన సన్నని పొర ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుచున్నదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం గారు వివరించిరి. ఉక్కును ఫాస్ఫారికామ్లముతో శుద్ధిచేసి అటువంటి పొరను కల్పించు పద్ధతికి ఇంగ్లండులో థామస్ వాట్స్ కాస్లెట్ అను ఆయన 1906లో పేటెంటు పొందెను. నేటి కార్ల కర్మాగారములలో రంగు పనికి మొదటి మెట్టు ఈ భాస్వరపు శుద్ధియే. పిదప కారు శరీరమంతటిని పెద్ద తొట్టిలో ముంచి, విద్యుత్తును ప్రసరింపజేసి, మూలమూలలకు ప్రైమరు అంటునట్లు చేయుదురు. 1960 ప్రాంతమున అమెరికాలో ఫోర్డు కంపెనీలో జార్జి బ్రూవరు ఈ పద్ధతిని రూపొందించెను. ఆ పొర మందము ఇరువది మైక్రానులు మాత్రమే. ఫ్యాక్టరీ వేసిన పూతలన్నియు కలిసినను సుమారు నూరు మైక్రానులు, అనగా దాదాపు ఒక మందపు కాగితము పాటి. మన కారునకును వానకును నడుమ నున్న గోడ అంతమాత్రపుది.

ఆ గోడ ఒకసారి కూలినచో, మరల కట్టవలసినవాడు మన ఊరి టింకరు, మన ఊరి పెయింటరు. వారికి తొట్టియు లేదు, విద్యుత్తుపూతయు లేదు. కనుక వారు ఆ లోపమును చేతిపనితోను, ఓర్పుతోను పూరింపవలెను.

ఒక పాత అంబాసిడరు కారు ద్వారమును ఉదాహరణముగా తీసికొందము. 1957లో ఆరంభమై 2014లో తయారు నిలిచిపోయిన ఆ కారును ప్రేమతో కాపాడుకొనుచున్న కుటుంబములు నేటికిని ఉన్నవి. దాని ద్వారము అడుగున రేకు మడిచియుండును. కిటికీ అద్దము ప్రక్కనుండి దిగిన నీరు ఆ మడతలో నిలుచును. తుప్పు సాధారణముగా మొదలగు చోటు అదియే.

మొదటి పని కడుగుట. సబ్బునీటితో కడిగి ఆరబెట్టిన పిదప, గ్రీజును, పాలిషు మైనమును తీయు ద్రావకముతో తుడువవలెను. ఇది గరుకు కాగితము పట్టకముందే జరుగవలెను, వెనుక కాదు. ఏలనన, నూనె ఉన్న రేకును రుద్దినచో గీతలలోనికి నూనె మరింత దిగిపోవును. తుడుచుటకును ఒక పద్ధతి కలదు. ఒక గుడ్డతో ద్రావకము పూయుట, అది ఆరకముందే వేరొక పొడిగుడ్డతో తీసివేయుట. ఒకే గుడ్డతో రెండు పనులను చేసినచో, మైల ఒక చోటినుండి వేరొక చోటికి కాపురము మారునే గాని పోదు.

రెండవ పని పాత రంగును తీయుట. రసాయనములతో రంగును ఉబ్బించి గీచివేయుట ఒక మార్గము. ఇందుకు చిరకాలముగా వాడుచున్న మిథిలీన్ క్లోరైడు అను ద్రవము మూసిన గదులలో ప్రాణములనే తీసినది. అందుచేత అమెరికా ప్రభుత్వము 2019లో దానిని గృహస్థులకు అమ్ముటను నిషేధించి, 2024లో ఆ నిషేధమును మరింత విస్తరించినది. యంత్రముతో రుద్ది తీయుట రెండవ మార్గము. కారు రేకు మందము ఒక మిల్లీమీటరుకు అటునిటుగా ఉండును. ఒకేచోట ఎక్కువసేపు రుద్దినచో వేడెక్కి అలలుగా వంగిపోవును. ఇసుకను గాలితో కొట్టు పద్ధతి లారీల చట్రములకు తగును గాని, ద్వారము, బోనెట్టు వంటి వెడల్పు రేకులకు తగదు; అదియు రేకును వంచును. అంతేకాక ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తులలో చేరి నయము కాని జబ్బును తెచ్చును.

మూడవ పని తుప్పును తీయుట. ఇచ్చటనే పనివాని నిజాయితీ తేలును. పైపై తుప్పు గరుకు కాగితముతో పోవును. గుంటలలో దిగిన తుప్పు పోదు. అది నల్లని చుక్కలుగా మిగిలియుండును. ఆ చుక్కలకు పలుచని ఫాస్ఫారికామ్లపు ద్రవమును పూసి, తీగ బ్రష్షుతో రుద్ది, అది ఆరిపోకముందే నీటితో కడిగి, వెంటనే పొడిగా తుడిచి వేడిగాలితో ఆరబెట్టవలెను. ఆమ్లము రేకుమీదనే ఎండిపోయినచో, తరువాతి ప్రైమరు అచ్చట సరిగా అంటదు. సూదిమొన దిగునంతగా రేకు క్షీణించి యున్నచో ఏ మందును పనిచేయదు. ఆ భాగమును కోసివేసి క్రొత్త రేకును వెల్డింగు చేయవలెను. చిల్లుకు వెనుక కాగితమో గుడ్డయో అడ్డుపెట్టి లప్పముతో పూడ్చుట మరమ్మతు కాదు, ముసుగు. ద్వారము అడుగున నీరు పోవుటకు తయారీదారు ఉంచిన సన్నని రంధ్రములను లప్పముతో గాని రంగుతో గాని మూసివేయకుండుట కూడ ఈ ఘట్టముననే గమనింపవలెను.

నాలుగవది రేకునకు గరుకుదనము కల్పించుట. అద్దమువలె నున్నని ఉక్కుమీద ఏ పూతయు నిలువదు. 80 మొదలు 180 నంబరు వరకు గరుకు కాగితముతో రుద్దినచో, ప్రైమరు పట్టుకొనుటకు తగిన సన్నని గీతలు ఏర్పడును. రుద్దుట ముగిసిన తరువాత మరల ద్రావకముతో తుడిచి, దుమ్ము దులిపి, ఇక వట్టిచేతితో ముట్టరాదు. వేలిముద్రలోని చెమటయును ఉప్పే. రేకు శుభ్రపడినదో లేదో తెలియుటకు పాతకాలపు పరీక్ష ఒకటి కలదు. దానిపై మంచినీరు చల్లినచో, నీరు ఎడతెగని పొరగా పరచుకొనవలెను. తామరాకుపై వలె చుక్కలుగా విడిపోయినచో ఇంకను జిడ్డు ఉన్నదన్నమాట. పరీక్ష ముగియగనే ఆరబెట్టుట మరువరాదు.

ఇక ప్రైమరు. శుభ్రమైన ఉక్కు గాలిలో ఎక్కువసేపు శుభ్రముగా ఉండదు. వానకాలములో గంటలలోనే పసుపుపచ్చని పొర కనపడును. కనుక ఉదయము రేకును బయటపెట్టినవారు ఆ సాయంకాలములోగా ప్రైమరు వేయవలెను. నేడు సగము, రేపు సగము అను పద్ధతి ఇచ్చట చెల్లదు. ఒక రోజులో ప్రైమరు వేయగలిగినంత మేరకే రంగును గీచుట బుద్ధిమంతుల లక్షణము.

ప్రైమరులన్నియు ఒక్కటి కావు. మన ఊళ్లలో ఎక్కువగా వాడునది ఎర్రని రెడ్ ఆక్సైడు. చౌక, కుంచెతో పూయవచ్చును. అయితే దానిలోని ఎర్రరంగు తుప్పును తనంతట ఆపునది కాదు. పూత అడ్డుగా నుండుటయే దాని ఉపకారము. జింకు ఫాస్ఫేటు కలిపిన రకము మేలు. పూర్వము వంతెనలకు సీసపు సిందూరమును, విమానములకు జింకు క్రోమేటును పూసెడివారు. రెండును తుప్పును బాగుగా ఆపినవే. కాని సీసము రక్తమునకు, మెదడునకు విషము; క్రోమేటు క్యాన్సరు కారకము. కాబట్టి అవి వెనుకకు తగ్గుచున్నవి.

కార్ల పనిలో నేడు ముఖ్యమైనవి రెండు. ఒకటి ఎచ్ ప్రైమరు. ఇందులో కొంచెము ఆమ్లముండి లోహమును కొరికి పట్టుకొనును. దీనిని పది మైక్రానుల పాటి పలుచగా మాత్రమే వేయవలెను. మందముగా వేసినచో పెళుసుబారును. దీనిపై నేరుగా లప్పము పెట్టరాదు. ఇందులోని ఆమ్లము లప్పము గట్టిపడుటకు అడ్డు వచ్చును. రెండవది ఎపాక్సీ ప్రైమరు. ఇది రెండు డబ్బాలలో వచ్చును: ఒకదానిలో ప్రైమరు, మరియొకదానిలో హార్డెనరు. డబ్బామీద వ్రాసిన కొలత ప్రకారము కలిపి, చెప్పిన సేపు నిలిపి, రెండు పొరలు వేయవలెను. కంటిచూపు కొలతలు దీనికి పనికిరావు. హార్డెనరు తక్కువైనచో పూత ఎన్నటికిని గట్టిపడదు. సరిగా వేసినచో నీటిని అడ్డుకొనుటలో దీనికి సాటియైనది ఈ వరుసలో లేదు. ఎచ్ ప్రైమరుమీద ఎపాక్సీ వేయుట రెండింతల రక్షణయని కొందరు భ్రమింతురు. తయారీదారు అనుమతించిననే తప్ప అట్లు చేయరాదు.

రేకు ఉక్కు కానప్పుడు కథ మారును. అల్యూమినియము బోనెట్టునకు ఉక్కును రుద్దిన కాగితమును వాడరాదు. దానిలో చిక్కిన ఉక్కు రవ్వలు అచ్చట క్రొత్త జబ్బును నాటును. జింకు పూసిన రేకుమీద సాధారణ నూనెరంగు వేసినచో, కొంతకాలమునకు జింకునకును నూనెకును రసాయనచర్య జరిగి, నడుమ సబ్బువంటి పొర ఏర్పడి, రంగు పెచ్చులుగా ఊడిపోవును. జింకు పైపులతో చేసిన గేట్లకు వేసిన ఎనామిలు ఏడాది తిరుగకముందే ఊడిపోవుటకు కారణము ఇదే. దానికి ఎచ్ ప్రైమరో ఎపాక్సీ ప్రైమరో ముందు వేయుట ఉపాయము.

లప్పమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. నేటి లప్పము పాలియెస్టరు గుజ్జులో మెత్తని రాతిపొడి కలిపి చేసినది. అది నీటిని పీల్చును. శుభ్రమైన గరుకు రేకుపై దానిని నేరుగా పెట్టవచ్చునని తయారీదారులే చెప్పుదురు. అయినను మన తీరప్రాంతములలో ముందు ఎపాక్సీ వేసి, అది గట్టిపడిన పిదప గీతలు పెట్టి, దానిపై లప్పము పెట్టుట మరింత క్షేమకరము. అప్పుడు లప్పము తడిసినను ఆ తడి రేకును చేరదు. దుమ్ము లేవకుండుటకు నీళ్లు పోయుచు లప్పమును రుద్దు అలవాటు మన పనిశాలలలో విస్తారముగా నున్నది. ఆ నీరు లప్పములో ఇంకి, పైన రంగు పడిన తరువాత బయటికి రాజాలక, ఎండ తగిలినప్పుడు పొక్కులై లేచును. కనుక లప్పమును పొడిగా రుద్దుటయే మేలు. రుద్దువాడు ముక్కునకు తగిన మాస్కు ధరింపవలెను. పైన సర్ఫేసరు వేసి, దానిని 400 మొదలు 800 నంబరు వరకు సన్నని కాగితములతో నున్నచేసిన తరువాత గాని రంగు వంతు రాదు. సర్ఫేసరుకు నీటిని ఆపు శక్తి లేదు. అంతవరకు పని జరిగి, డబ్బు చాలక వానలో నెలలతరబడి నిలిపిన కార్లను మనము వీధులలో చూచుచుందుము. ఆ కార్ల రేకులు ఆ నెలలలోనే తుప్పుకు అప్పగింపబడుచున్నవి.

మన వాతావరణమును గూర్చియు ఆలోచింపవలెను. రేకు వేడి, గాలిలోని తేమ మంచుగా మారు వేడికంటె కనీసము 3 డిగ్రీల సెంటిగ్రేడు హెచ్చుగా నుండవలెను. తేమ నూటికి ఎనుబదియైదు పాళ్లు మించినచో పని ఆపుట మంచిది. తెల్లవారుజామున చల్లబడిన రేకుపై కంటికి తెలియని చెమట పట్టియుండును. గాలియంత్రమైన కంప్రెసరు కూడ నీటిని తయారుచేయునదే. అడుగున చేరిన నీటిని ప్రతిదినము వదలకున్నచో, అది స్ప్రే గన్ను ద్వారా పూతలోనికే పోవును.

పూత ఎంత గట్టిదైనను పూయువాని ఊపిరి గట్టిది కాదు. ఈ విషయము చెప్పకుండ ఈ ప్రసంగము పూర్తి కాజాలదు. సర్ఫేసరులలోను, మెరుపుపూతలలోను వాడు కొన్ని హార్డెనరులలో ఐసోసయనేటు అను పదార్థములున్నవి. అవి సన్నని తుంపరగా ఊపిరిలో చేరి ఉబ్బసమును తెచ్చును. ఒకసారి శరీరమునకు అది పడకపోయినచో, తరువాత అతి స్వల్పమైన మోతాదునకును ఊపిరాడదు. ఆ వృత్తినే విడువవలసి వచ్చును. ముఖమునకు చుట్టుకొన్న తువాలు దానిని ఆపదు. బయటినుండి శుభ్రమైన గాలిని అందించు ముసుగే సరియైన రక్షణ. పెయింటరు వృత్తినే క్యాన్సరుకు కారణమగు వృత్తులలో ఒకటిగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1989లో పేర్కొన్నది. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల చిన్న చిన్న షెడ్లలో, తలుపు వేసికొని, ఒంటిమీద బనీనుతో రంగు కొట్టు కుఱ్ఱవాండ్రను చూచినప్పుడు, ఆ మెరుపునకు ఎవరు వెల చెల్లించుచున్నారను ప్రశ్న మనకు తోచక మానదు.

మా యెరుకలోని ఒక కుటుంబమువారు ఇంట పెండ్లికి ముందు తమ పాత కారునకు రంగు వేయించిరి. వేసిన పనిశాల పేరుతో మనకు పని లేదు. పెండ్లినాడు కారు అద్దమువలె మెరసినది. రెండవ వానకాలమునకు ద్వారముల అడుగున పొక్కులు లేచినవి. గీచి చూడగా రంగు క్రింద లప్పము, లప్పము క్రింద తుప్పు. నడుమ ప్రైమరు జాడ లేదు. ఇంటివారు కోపముతో పోయి అడిగిరి. పెద్ద పెయింటరు దాచలేదు. "మెరుపు చూసి డబ్బులిస్తారండీ, కాగితాలు అరిగినదానికి ఎవరిస్తారు? పది రోజుల పని నాలుగు రోజుల్లో కావాలన్నారు గదా!" అనెను. అతని పని తప్పే. కాని ఆ మాటలో అసత్యము లేదు. బిల్లులో రంగునకు పద్దు ఉన్నది, పాలిషునకు పద్దు ఉన్నది, రేకును శుద్ధిచేయుటకు పద్దు లేదు. పద్దు లేని పని జరుగుట అరుదు.

కాబట్టి కారు యజమానులు చేయవలసినవి కొన్ని కలవు. బేరమాడునప్పుడే రేకు శుద్ధికిని, ఎపాక్సీ ప్రైమరునకును విడిగా పద్దు వ్రాయించి, దానికి డబ్బు చెల్లింపవలెను. రేకు బయటపడిన దినమున ఒకసారి, ప్రైమరు పడిన దినమున ఒకసారి, లప్పమునకు ముందే, స్వయముగా పోయి చూడవలెను. దూరమైనచో చేతి ఫోనుతో ఫోటోలు తీసి పంపుమని కోరవచ్చును. మంచి పనివాడు దానికి సంతోషించునే గాని నొచ్చుకొనడు. పాత కారును కొనువారు సన్నని గుడ్డ చుట్టిన అయస్కాంతమును రేకుమీద జరిపి చూచినచో, మందమైన లప్పమున్న చోట అది పట్టు వదలును. పని ముగిసిన పిదప ద్వారముల లోపలి భాగమున మైనము చల్లించుట మరువరాదు. తుప్పు తరచుగా లోపలినుండి బయటికి వచ్చును గాని బయటినుండి లోనికి పోదు.

ఇంటి గేటునకు ఇంత తంతు అక్కరలేదు. వానలు వెలిసిన తరువాత పొడి దినమును చూచి, వదులుగానున్న తుప్పును తీగ బ్రష్షుతో తీసి, గరుకు కాగితముతో రుద్ది, థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి, ఆ దినముననే జింకు ఫాస్ఫేటు కలిసిన ప్రైమరును రెండు పొరలు పూయవలెను. అంచులకును, వెల్డింగు అతుకులకును కుంచెతో ముందుగా ఒక పూత వేసి, పిదప మిగిలిన భాగమునకు పూయుట మంచిది. ఏలనన అంచులమీద పూత పలుచబడిపోవును. అది ఆరిన వెంటనే ఎనామిలు రెండు పొరలు. ప్రైమరుతోనే వదలి వచ్చే ఏడాది చూతమనుకొనుట వట్టి దండుగ. పాత ఇండ్ల రంగులలో సీసముండు నవకాశము కలదు. గృహములకు వాడు రంగులలో సీసమును పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించరాదని మన దేశమున నియమము అమలులోనికి వచ్చినది 2017 నవంబరులో మాత్రమే. కనుక పాత రంగును గీచునప్పుడు నీటితో తడిపి గీచి, ఆ పొట్టును పిల్లలకు అందకుండ ఎత్తివేయవలెను.

ఈ సంవత్సరము కారునకో గేటునకో రంగు వేయింపదలచినవారు, రంగుల పట్టికను తిరుగవేయుటకు ముందు, పనివానిని పిలిచి ఒక ప్రశ్న అడుగుదురు గాక: రంగు క్రింద ఏమి వేయుదువు, దానికి ఎన్ని దినములు పట్టును? అతడు చెప్పిన దినములను అతనికి ఇచ్చి, వానికి తగిన కూలియు ఇచ్చినచో, తరువాత వచ్చు వానలకు భయపడవలసిన పని యుండదు.